ఇంట్లో మీడియా సర్వర్‌కి రాస్ప్‌బెర్రీ పై 5 మంచిదా, పాత మినీ పీసీనా?

మీడియా సర్వర్ అంటే మన సినిమాలు, వీడియోలు దాచి టీవీకి, ఫోన్లకి పంపే కంప్యూటర్. రాస్ప్‌బెర్రీ పై (ఇకపై ‘పై’) అంటే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు.

ఖర్చు: ‘పై’ బోర్డు ధర ఒక్కటే చూసి లెక్క వేయకండి. 5 ఆంపియర్ల అడాప్టర్, కూలర్, కేస్, డిస్క్ అన్నీ కలిపితే చాలాసార్లు సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో దొరికే సెకండ్ హ్యాండ్ ఆఫీస్ మినీ పీసీ దగ్గరికే వచ్చేస్తుంది.

ట్రాన్స్‌కోడింగ్: అసలు తేడా ఇక్కడే. టీవీకి లేదా ఫోన్‌కి ఫైల్ ఫార్మాట్ సరిపడకపోతే సర్వర్ అప్పటికప్పుడు వీడియోని మార్చి పంపాలి. పై 5లో హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ (వీడియో మార్చడానికే ఉండే ప్రత్యేక భాగం) లేదు, భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది, 4కే అయితే ఆగి ఆగి నడుస్తుంది. ఇంటెల్ 8వ తరం మినీ పీసీలో ఆ పని చేసే క్విక్ సింక్ ఉంటుంది, జెల్లీఫిన్ అనే మీడియా సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో దాన్ని ఉచితంగా వాడుకోవచ్చు.

కరెంటు: ఇందులో పై గెలుస్తుంది. మినీ పీసీ 10 వాట్లు ఎక్కువ తీసుకుందనుకుందాం, రోజంతా ఆన్‌లో ఉంటే ఏడాదికి సుమారు 88 యూనిట్లు. నాకైతే అది పెద్ద భారం అనిపించదు.

రిస్క్: పాత పీసీకి వారంటీ దొరకడం కష్టం, అందుకే షాపులోనే ఆన్ చేయించి ఫ్యాన్ శబ్దం, డిస్క్ హెల్త్ చూడండి. పైని మైక్రో ఎస్‌డీ కార్డు మీద నడిపితే కరెంటు పోయినప్పుడు కార్డు పాడయ్యే టెన్షన్ ఉంటుంది. ఏది కొన్నా చిన్న యూపీఎస్ తప్పనిసరి.

ఒకే టీవీ, ఫైళ్లన్నీ అది నేరుగా ప్లే చేయగలిగేవే అయితే పై చాలు. అమ్మానాన్నలు ఊరి నుంచి ఫోన్లో చూడాలన్నా, ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఒకేసారి చూడాలన్నా మినీ పీసీనే తీసుకోండి.