నాలుగేళ్లు వాడిన ఇంగ్లీషు సాహిత్యం గైడు: ఏ పేజీ పనికొచ్చింది, ఏది చెడగొట్టింది

కవితలు, ఒక నాటకం, కొన్ని కథలు ఉండే స్కూలు ఇంగ్లీషు పరీక్షకు నేను రెండేళ్లపాటు ఒకే గైడుతో చదివాను. దాని తర్వాతి ముద్రణను మా తమ్ముడి పరీక్షల కోసం ఇంకో రెండేళ్లు వాడాను. ఈ రకం గైడ్ల అమరిక దాదాపు ఒకటే కాబట్టి పేరు చెప్పడం లేదు: ముందు సారాంశం, తర్వాత ఎడమ పేజీలో మూలం, కుడి పేజీలో కఠిన పదాలకు అర్థాలు, చివర ప్రశ్నలు, వాటికి సిద్ధంగా రాసిపెట్టిన జవాబులు. పెట్టిన డబ్బుకు న్యాయం చేసింది ఆ కుడి పేజీ ఒక్కటే.

ఆ పేజీ విలువ నాటకం దగ్గర బాగా తెలిసింది. మాకు షేక్‌స్పియర్ ‘మాక్‌బెత్’ ఉండేది. అందులో తెలియని మాటలకంటే తెలిసినట్టుండే మాటలే ఎక్కువ మోసం చేస్తాయి. రెండో అంకం మొదటి రంగంలో గాలిలో కనిపించే కత్తిని మాక్‌బెత్ ‘సెన్సిబుల్’ కావా అని అడుగుతాడు. ఈనాటి అర్థంలో చదివితే కత్తికి తెలివి ఉందా అని అడిగినట్టు ఉంటుంది; చేతి స్పర్శకు అందేదానివి కావా అన్నది అక్కడి అర్థం. నేను నిఘంటువు తీయకుండా దాటిపోయే ఇలాంటి చోట్ల గైడు నన్ను చాలాసార్లు ఆపింది.

ఛందస్సు గురించి మాత్రం అది రాసిన పేరా ఎన్నిసార్లు చదివినా నాకు బోధపడలేదు. చివరికి తెలుగు వ్యాకరణం సాయంతో నేనే ఒక దారి చూసుకున్నాను: పంక్తికి ఐదు లగాలు, అంటే లఘువు, గురువు కలిసిన జంట ఐదుసార్లు, అని అంచున గుర్తులు పెట్టుకున్నాను. మనం లెక్కపెట్టేది మాత్రల నిడివిని, ఇంగ్లీషు లెక్కపెట్టేది ఊనికను, కాబట్టి ఈ పోలిక పూర్తిగా సరిపోదు. అయినా చెవికి దారి చూపించింది. మంత్రగత్తెలు ‘డబుల్ డబుల్’ అంటూ మొదలుపెట్టగానే వరుస తిరగబడి గలాలు (గురువు ముందు, లఘువు తర్వాత) నాలుగు వస్తాయని, వాళ్ల మాట మనుషుల మాటలా వినబడకపోవడానికి అదొక కారణమని అప్పుడు తెలిసింది. ఐదో అంకం మొదటి రంగంలో లేడీ మాక్‌బెత్ నిద్రలో నడుస్తూ వచనంలో మాట్లాడుతుంది. అంతవరకు పద్యంలో అంత బిగువుగా మాట్లాడిన మనిషి నోట లయ తప్పిపోవడమే ఆ రంగానికి ప్రాణం. గైడు దాన్ని ‘ఇక్కడ వచనం’ అన్న రెండు మాటలతో దాటేసింది. (వచనంలో పంక్తుల సంఖ్య పేజీ వెడల్పును బట్టి ముద్రణకో రకంగా మారుతుంది కాబట్టి, ఈ రంగం నుంచి ఉదహరించేటప్పుడు పంక్తి సంఖ్యను బట్టీ పట్టడం వృథా.)

కవితల విభాగం మీద నాకు సొంత ఫిర్యాదు ఉంది. 1818లో అచ్చయిన షెల్లీ కవిత ‘ఓజిమాండియాస్’ను వివరిస్తూ, కవి ఎడారిలో విరిగిన విగ్రహం ముందు నిలబడి చూశాడని గైడులో ఉంది. నేను అదే జవాబు రాశాను, రెండు మార్కులు పోయాయి. టీచరు ఏమీ రాయకుండా నా పుస్తకంలో కవిత మొదటి పంక్తి కింద గీత గీసి ఇచ్చారు. అక్కడ చెబుతున్న మనిషి విగ్రహాన్ని చూడనేలేదు, చూసివచ్చిన ఒక ప్రయాణికుడిని కలుసుకున్నాడంతే. ఆ విగ్రహంలోని రాజు డాంబికం పీఠం మీది రాతగా మిగిలి, ప్రయాణికుడి నోటికి చేరి, అతని నుంచి చెబుతున్న మనిషికి వచ్చి, అక్కడి నుంచి మనకు అందుతుంది. పద్నాలుగు పంక్తుల్లో ఇన్ని చేతులు మారిన గొప్పను కవి స్వయంగా చూశాడనేస్తే అందులోని వెటకారం సగం పోతుంది. అలంకారాల పట్టికలోనూ ఇదే తీరు: ఫలానా పంక్తిలో అనుప్రాస ఉంది, ఫలానా చోట రూపకం ఉంది అని పేర్లు ఉంటాయి, అవి ఆ పంక్తికి చేసిన పని ఏమిటో ఎక్కడా ఉండదు. మార్కులు ఉండేది ఆ రెండో మాటకే.

కథల విషయంలో ఈ గైడు అపకారమే చేసింది. ఓ హెన్రీ 1905 నాటి కథ ‘ది గిఫ్ట్ ఆఫ్ ది మేజై’ చివరి మలుపు సారాంశం మూడో వాక్యంలోనే బయటపడిపోయింది. తమ్ముడు అది చదివి, ‘కథ అయిపోయిందక్కా’ అన్నాడు. కథానాయిక డెల్లా దగ్గర ఎంత డబ్బు ఉందని అడిగితే చెప్పలేకపోయాడు. మూలం తెరిపించాను: ఒక డాలరు ఎనభై ఏడు సెంట్లు, అందులో అరవై సెంట్లు పెన్నీలే (ఒక్కొక్క సెంటు నాణేలు), ఆమె మూడుసార్లు లెక్కపెట్టింది. వాడు కాగితం తీసుకుని కూర్చుని, మిగిలిన 127 సెంట్లు ఐదు, పది, పాతిక సెంట్ల నాణేలతో ఎలా కుదురుతాయని నన్నే నిలదీశాడు. కుదరవు, అప్పటికే ముద్రణ ఆగిపోయిన రెండు, మూడు సెంట్ల పాత నాణేలు ఉంటే తప్ప. పరీక్షలో ఆ ప్రశ్న రాదు, కానీ ఆ పూట తర్వాత మొదటి పేరా వాడికి మళ్లీ చదవాల్సిన అవసరం రాలేదు.

సిద్ధంగా ఉన్న జవాబుల గురించి చెప్పేందుకు ఎక్కువేమీ లేదు. వాటిని చూసి రాసినవాళ్లందరి పేపర్లూ ఒకేలా ఉంటాయి, దిద్దేవాళ్లకు అది వెంటనే తెలిసిపోతుంది. అన్‌సీన్ కవిత, అంటే ముందు పాఠంగా చదవని కవిత, వచ్చే పరీక్షలో అవి బొత్తిగా అక్కరకు రావు; అక్కడ నాకు ఉపయోగపడింది అంచుల్లో ‘ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో’ అని పెన్సిలుతో రాసుకున్న అలవాటే.

తమ్ముడి ప్రతిలో సారాంశం పేజీలను రెండేసి కలిపి స్టేప్లర్‌తో మూసేశాను, మూలం రెండుసార్లు చదివాక తీసుకోమన్నాను. నాటకం దగ్గరి పిన్నులు వాడే తీసుకున్నాడు. కథల దగ్గరివి ఇప్పటికీ అలాగే ఉన్నాయి.