ఊళ్లో ఒక్క సారు బడి, పక్కూళ్లో తరగతికో టీచర్: ఏది మేలు?

పాపను ఊరి బడిలోనే ఉంచాలా, రెండు కిలోమీటర్ల అవతల తరగతికో టీచరున్న బడికి పంపాలా అని మా అక్క అడిగింది. వెంటనే చెప్పలేకపోయాను. నేను చదివింది ఆ ఊరి బడిలోనే, అది మూతపడుతుందన్న మాటే నాకు సహించదు.

పోయిన నెల వెళ్లి ఓ పూట కూర్చున్నాను. ఐదు తరగతులకు 18 మంది పిల్లలు, ఒకే గది, ఒకే సారు. బోర్డు మధ్యలో సుద్దముక్కతో నిలువుగీత, ఎడమవైపు ‘క’ గుణింతం, కుడివైపు భాగహారం. ఆయన పెద్దవాళ్లకు భాగహారం చెబుతుంటే చిన్నవాళ్లు అదే గుణింతాన్ని మూడోసారి దిద్దుతున్నారు, ఈలోపు మధ్యాహ్న భోజనం ఫొటో ఎక్కించాలని ఫోన్ తీయాల్సి వచ్చింది. బాగా చెప్పే మనిషే, కానీ ఒక్కో తరగతికి రోజుకి గంట దక్కితే గొప్ప. ఆయన ట్రైనింగ్‌కి వెళ్లిన రోజున ఆ గంట కూడా ఉండదు.

నిజానికి 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది లోపున్న ప్రాథమిక బడికి కూడా ఇద్దరు టీచర్లు ఉండాలి. అంతకుముందు 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ అనే కేంద్ర పథకంలోనూ ఏకోపాధ్యాయ బడులకు రెండో టీచర్‌ని ఇవ్వడం ఒక ముఖ్యమైన పని. ఊరూరా బడి కట్టగలిగాం, ఆ రెండో కుర్చీ మాత్రం ఇన్నేళ్లయినా మా ఊళ్లో ఖాళీగానే ఉంది, నాకు కోపం వచ్చేది అక్కడే.

పెద్ద బడిలో పాప వయసు పిల్లలే పాతికమంది ఉంటారు, ఒక టీచర్ సెలవు పెడితే ఇంకొకరు చూసుకుంటారు, కబడ్డీకి జట్టు కుదురుతుంది. చదువు వరకు చూస్తే అదే మేలు, సందేహం లేదు. కానీ దారిలో లారీలు తిరిగే రోడ్డు దాటాలి, వాన పడితే వాగు పొంగుతుంది, ఇంట్లోవాళ్లు కూలికి పోతే దింపేవాళ్లుండరు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 117 జీవోతో 3, 4, 5 తరగతులను కిలోమీటరు లోపు హైస్కూళ్లకు కలిపినప్పుడు చాలా ఊళ్లలో తల్లులు గేటు ముందు కూర్చున్నది ఈ భయంతోనే. 2025లో ఆ జీవో రద్దయింది.

అందుకే అక్కకు చెప్పాను: ఒకటి, రెండు తరగతులు ఊళ్లోనే చదవనివ్వు, ఆ వయసుకి బడి ఇంటి పక్కనుండటం ముఖ్యం, సాయంత్రం నువ్వు పక్కన కూర్చుని చదివిస్తే ఆ లోటు కొంత తీరుతుంది. మూడుకి వచ్చాక పెద్ద బడికి పంపు, అయితే ముందు ఆటో మాట్లాడుకున్నాకే. మన వీధిలోనే నలుగురు పిల్లలున్నారు కదా, కలిసి పెట్టుకుంటే ఖర్చు తగ్గుతుంది. ఈలోపు రెండో టీచర్ కోసం ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో అర్జీ పెడదాం, సంతకాలు నేను చేయిస్తాను.