రెండు డాలర్ గుర్తుల చిక్కు: త్రీవీఫోర్‌ఎల్ సైటుపై నా సమీక్ష

పర్లాకిమిడిలో కొమ్ముతో చేసిన దువ్వెనలు, కొంగ, నెమలి బొమ్మలు అమ్మే ఒక దుకాణం వారి పాత ఆర్డరు స్క్రిప్టును సరిచేసే పని ఈ మధ్య నాకు వచ్చింది. సర్వరులో ఈ స్క్రిప్టును నడిపే ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీ 5.6 నుంచి 7.4కు మారిన నాటి నుంచి, ఆర్డరులో కొనుగోలుదారు పేరు, చిరునామా సక్రమంగానే వస్తున్నా, ఏ వస్తువు ఎన్ని కావాలో తెలిపే గడి మాత్రం ఖాళీగా ఉంటోంది.

ఆ గడిని నింపే పంక్తిలో వేరియబుల్ (విలువను దాచే, పేరుపెట్టిన చోటు) పేరుకు ముందు రెండు డాలర్ గుర్తులు, పేరు తరువాత చదరపు బ్రాకెట్లలో 'దువ్వెన' అన్న సూచిక ఉన్నాయి. అచ్చుతప్పేమోనని ఒక డాలరును తీసి చూస్తే, సంఖ్యకు బదులు మరొక వేరియబుల్ పేరు అచ్చయింది. అది తప్పు కాదని, ఒక వేరియబుల్‌లో దాచిన పేరుతో మరొక వేరియబుల్‌ను పిలిచే పద్ధతి అని అప్పుడు గాని నాకు తెలియలేదు. అయితే నిన్నటిదాకా పనిచేసినది నేడెందుకు ఆగిపోయిందన్న ప్రశ్నకు జవాబు ఇచ్చినది త్రీవీఫోర్‌ఎల్ అనే ఉచిత సైటు. (చిరునామాలో 3, వీ, 4, ఎల్ అని వరుసగా కొట్టి, చుక్క పెట్టి ఓఆర్‌జీ అని చేర్చాలి.)

అందులో కోడు అతికిస్తే, పాతవీ కొత్తవీ అయిన ఎన్నో పీహెచ్‌పీ వెర్షన్లలో దానిని నడిపి, ఒకే ఫలితం ఇచ్చిన వెర్షన్లను ఒకచోట చేర్చి చూపుతుంది. మద్దతు ముగిసిన వెర్షన్లు కూడా కావాలని ఎంచుకోవడం మరువకూడదు. మనకు అసలు కావలసినవి అవే. నేను నాలుగు పంక్తులు రాసి నడపగా, 5వ తరం వెర్షన్ల వద్ద నేను విలువగా ఇచ్చిన 3 అన్న సంఖ్య, 7వ తరం వద్ద ఖాళీతోపాటు 'అరే' అనే వేరియబుల్ లేదన్న హెచ్చరిక కనిపించాయి. దుకాణం సర్వరులో హెచ్చరికలు ఆపివేసి ఉన్నందున ఈ మాట నా కంట పడనే లేదు. 2015 డిసెంబరులో వచ్చిన 7.0 నుంచి పీహెచ్‌పీ ఇటువంటి పదబంధాన్ని ఎడమ నుంచి కుడికి చదువుతోంది. పూర్వం ముందుగా బ్రాకెట్లలోని సూచికను తీసుకొని, అక్కడ దొరికిన పేరుగల వేరియబుల్‌ను వెదికేది. ఇప్పుడు మొత్తం అరేనే (సూచికలతో అమర్చిన విలువల జాబితానే) పేరుగా మార్చబోయి, లేని వేరియబుల్ వద్దకు వెళుతోంది. మొదటి డాలరు తరువాత ఉన్నదంతా ఫ్లవర్ బ్రాకెట్లలో పెట్టగానే పాత, కొత్త తరాలు రెండింటిలోనూ 3 వచ్చింది. రెండు రోజుల వెదుకులాట అక్కడ పది నిమిషాలలో ముగిసిందని సంతోషంగా చెబుతున్నాను.

లోపాలూ చెప్పాలి. డేటాబేసుకో, ఫారానికో ముడిపడిన స్క్రిప్టును యథాతథంగా అక్కడ పరీక్షించలేము. అవసరమైన పంక్తులు విడదీసి, విలువలు మనమే ఇవ్వాలి. ఆ వేరియబుళ్లు ఎక్కడ పుట్టాయో కూడా అది చెప్పదు. వేరొక ఫైలులో ఎక్స్‌ట్రాక్ట్ అనే ఫంక్షన్ ఫారంలోని ప్రతి గడినీ ఒక వేరియబుల్‌గా మారుస్తోందని నేనే వెదికి పట్టుకోవలసి వచ్చింది. బయటివారు పంపినదంతా అలా వేరియబుళ్లు కావడం ప్రమాదకరం కనుక దానిని తొలగించాను. అన్నిటికంటే ముఖ్యంగా, అతికించిన కోడు ఆ సైటులో నిలిచిపోయి, లింకు ఉన్నవారికి తెరుచుకుంటుంది. పాస్‌వర్డులు, కొనుగోలుదారుల వివరాలు ముందే తీసివేయాలి. నేను బరంపురంలోని మిత్రునికి లింకు పంపినప్పుడు అతడు ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండానే రెండు ఫలితాలనూ పోల్చి చూడగలిగాడు.