తెల్లమూతి గుర్రాలున్నవాళ్లు ‘నేచురల్’ సన్‌స్క్రీన్ కొనేముందు ఇది చదవండి

గుర్రాల కోసమే తయారుచేశామంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఒక ‘నేచురల్, కెమికల్ ఫ్రీ’ సన్‌స్క్రీన్ రాస్తే మా గుర్రం మూతి బాగుపడకపోగా ఇంకా పాడైంది. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. ఇదే సరుకు వేరే వేరే పేర్లతోనూ కనిపిస్తోంది కాబట్టి, ట్యూబులో ఏముందో తెలిస్తేనే మీకు పనికొస్తుంది.

మాది ముదురు గోధుమరంగు గుర్రం. నుదుటి నుంచి తెల్లచార దిగి పైపెదవి మీద పరుచుకుంటుంది. ఆ తెల్ల వెంట్రుకల కింద చర్మం గులాబీరంగులో ఉంటుంది, ఎండను ఆపే మెలనిన్ అక్కడ లేదు. ఎండలు ముదిరితే ముందు కందేది అదే చోటు. (ఒళ్లంతా తెల్లగా ఉన్న ప్రతి గుర్రానికీ ఈ బాధ ఉండదు. వయసుతోపాటు తెల్లబడే ‘గ్రే’ గుర్రాల్లో చాలావాటికి లోపలి చర్మం నల్లగానే ఉంటుంది. వెంట్రుకలు తడిపి చూస్తే తెలిసిపోతుంది.)

ట్యూబు మీద పెద్ద అక్షరాలతో ఎస్‌పీఎఫ్ 50 (క్రీము ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) అని ఉంది. రాయడం మొదలుపెట్టిన కొద్దిరోజులకే ముక్కుపుటల మధ్య ఎర్రగా వాచింది. సన్నని పొక్కులు లేచి, చిట్లి, పసుపు పచ్చని రసి కారి పెచ్చు కట్టింది. నీళ్లతొట్టి అంచు తగిలినా తల వెనక్కి లాక్కునేది. ఆలోచనలో పడేసింది ఏమిటంటే, చారలో క్రీము రాయని పైభాగం కాస్త కందిందంతే. పొక్కులన్నీ క్రీము రాసిన మేరకే ఉన్నాయి.

వెటర్నరీ డాక్టర్ ట్యూబు తిప్పి వెనక ఉన్న చీమతలకాయంత అక్షరాలు చదివారు. కొబ్బరినూనె, కలబంద, సిట్రొనెల్లా (ఒక సువాసన గడ్డి నూనె), నిమ్మనూనె, బెర్గమాట్ (నిమ్మజాతి పండు) నూనె. జింక్ ఆక్సైడ్ లేదు, టైటానియం డయాక్సైడ్ లేదు, ఎండను ఆపే పదార్థం ఒక్కటీ లేదు. పైగా బెర్గమాట్ నూనెలో బెర్గాప్టెన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మం మీద ఉండగా అతినీలలోహిత కిరణాలు తగిలితే చర్మం కాలినట్టు పొక్కుతుంది. గానుగలో పిండినట్టు తొక్క నుంచి తీసిన నిమ్మనూనెకూ ఇదే గుణం. అంటే ఎండనుంచి కాపాడమని కొన్నది ఎండకే తోడైంది!

అయినా ఆయన క్రీము మీదే నెపం పెట్టి వదిలేయలేదు, రక్తపరీక్ష చేయించారు. ఎందుకంటే లివర్ సరిగ్గా పనిచేయకపోతే గడ్డిలోని పత్రహరితం నుంచి పుట్టే ఫిల్లోఎరిత్రిన్ బయటికి పోక రక్తంలో చేరుతుంది. అప్పుడు మామూలు ఎండకే తెల్లచర్మం ఉడికిపోతుంది. ఆల్సైక్ క్లోవర్ అనే మేతమొక్క తిన్న గుర్రాల్లో లివర్ అలా దెబ్బతినవచ్చు. సెయింట్ జాన్స్ వర్ట్, బక్‌వీట్ అనే మొక్కలైతే లివర్‌తో పనిలేకుండా నేరుగానే చర్మాన్ని ఎండకు లొంగేలా చేస్తాయి. మా గుర్రానికి లివర్ బాగానే ఉంది. మీ గుర్రానికి మూతితోపాటు తెల్లకాళ్లు కూడా ఒకేసారి కందితే మాత్రం క్రీముల కోసం వెతక్కండి, ముందు డాక్టర్‌కి చూపించండి.

ఇక అమ్మినవాళ్ల సంగతి. ఎస్‌పీఎఫ్ 50 ఎలా వచ్చింది, పరీక్ష రిపోర్టు పంపండి అని అడిగితే ‘ప్రకృతి సిద్ధమైన నూనెల్లోనే రక్షణ ఉంటుంది’ అని జవాబు. ఎస్‌పీఎఫ్ అనేది మనుషుల చర్మం మీద, చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున క్రీము రాసి కొలిచే అంకె. కొబ్బరినూనె, కలబందతో 50 వచ్చే ప్రశ్నే లేదు. మళ్లీ అడిగితే మీ గుర్రానిదే సెన్సిటివ్ స్కిన్ అన్నారు. మూత తీసిన ట్యూబు వాపసు తీసుకోరట. మూత తీయకుండా ఎలా రాస్తామో వాళ్లే చెప్పాలి.

కొనేముందు వెనక లేబుల్ ఫొటో అడగండి. అమ్మకం పేజీలో ట్యూబు ముందువైపే చూపిస్తారు. జింక్ ఆక్సైడ్ గానీ టైటానియం డయాక్సైడ్ గానీ ఎంత శాతమో రాసి ఉండాలి. సువాసన నూనెలున్నది వద్దు. గుర్రం మూతి నాక్కుంటుంది, జింక్ ఎక్కువగా కడుపులోకి పోవడం మంచిది కాదు, కాబట్టి పెదవుల మీద మందంగా మెత్తకండి. గడ్డిలో, నీళ్లలో మూతి పెట్టిన ప్రతిసారీ కొంత తుడిచుకుపోతుంది, మళ్లీ రాయాల్సిందే.

గుర్రం మొహానికి తొడిగే మాస్కులతోనూ జాగ్రత్త. ‘90 శాతం యూవీ (అతినీలలోహిత కిరణాలు) ఆపుతుంది’ అంటే పదో వంతు లోపలికి పోతున్నట్టే. యూపీఎఫ్ (బట్ట యూవీని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 50 ఉన్న బట్ట యాభయ్యో వంతే పోనిస్తుంది. కొన్ని కేవలం ఈగల కోసం అల్లిన జాలీలు, వాటికి ముక్కు మీదికి వచ్చే భాగమే ఉండదు. మేమిప్పుడు ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా లాయంలోనే ఉంచి, రాత్రిపూట మేతకు వదులుతున్నాం.

ఇలాంటి క్రీము ఇప్పటికే రాసి ఉంటే ఘాటులేని సబ్బుతో, గోరువెచ్చని నీళ్లతో కడిగేసి నీడలో కట్టండి. పెచ్చులు గిల్లకండి, వాటంతటవే రాలతాయి. నెలలు గడిచినా మానని పుండు మూతి మీదో కంటి రెప్ప మీదో ఉంటే అది చర్మ క్యాన్సర్ కూడా కావచ్చు, దాన్ని క్రీములతో కప్పిపెట్టకుండా డాక్టర్‌కి చూపించండి. ట్యూబు మాత్రం పారేయకండి, డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్లండి.