అన్‌ఇన్‌స్టాల్ చేసినా వదలని అడ్డు: సెటప్‌డయాగ్ చాలాకాలం వాడాక

బెంగళూరు ఎస్పీ రోడ్డు దుకాణాల్లో ఏరి కొన్న పాత ఆఫీసు ల్యాప్‌టాప్‌లో 8వ తరం ఇంటెల్ ప్రాసెసర్, టీపీఎం 2.0 (భద్రతా చిప్) అన్నీ ఉన్నా విండోస్ 11 సెటప్ మధ్యలో మొండికేయవచ్చు. ఏదో డ్రైవరో సర్వీసో కొత్త విండోస్‌కి సిద్ధంగా లేదని ఒక్క వాక్యం చూపిస్తుంది, పేరు మాత్రం అన్నిసార్లూ చెప్పదు. ఇక అందరూ చేసే పని, యాంటీవైరస్ ట్రయల్ నుంచి ఫొటో ఎడిటర్ దాకా కంపెనీ వేసిచ్చినవన్నీ పీకేయడం. వాటిలో చాలావరకు ఏ పాపం ఎరగనివే. అసలుది ఆ లిస్టులోనే ఉండకపోవచ్చు.

మారతహళ్ళి, బీటీఎం వైపు మనవాళ్ళ చిన్న ఆఫీసుల్లో ఇలాంటి మెషీన్లు చేతికొస్తే నేను ముందు వాడేది మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే సెటప్‌డయాగ్. ఇది దేన్నీ తీసేయదు. ఆగిపోయిన సెటప్ వదిలిన లాగులు (ఏం జరిగిందో రాసి ఉండే ఫైళ్ళు) చదివి, తనకు తెలిసిన వైఫల్యాల రూల్స్‌లో ఏది సరిపోయిందో చెబుతుంది, అంతే. డాట్‌నెట్ 4.7.2 (మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ భాగం) గానీ ఆపైది గానీ కావాలి, అడ్మినిస్ట్రేటర్‌గా నడపాలి. విండోస్ 10లో 2004 నంబరు వెర్షన్ నుంచి సెటప్‌తో పాటే వస్తోంది. అప్‌గ్రేడ్ విఫలమైతే తనంతట తనే నడిచి, విండోస్ ఫోల్డర్‌లో లాగ్స్, దాని కింద సెటప్‌డయాగ్ అనే చోట ఫలితం రాసి పెడుతుంది. విడిగా డౌన్‌లోడ్ చేసేముందు అక్కడ చూడండి.

దీని విలువంతా రూల్ పేరులో ఉంది. బ్లాక్డ్ అప్లికేషన్ అని వచ్చి చివర ఆటో అన్‌ఇన్‌స్టాల్ అని ఉంటే, మామూలుగా తీసేయగలిగే ప్రోగ్రామ్ అడ్డుగా ఉందన్నమాట. చివర మాన్యువల్ అన్‌ఇన్‌స్టాల్ అని ఉంటే, కంట్రోల్ ప్యానెల్ లిస్టులో ఎంట్రీ లేని ప్రోగ్రామ్ ఎక్కడో ఉంది. పాత కార్పొరేట్ ల్యాప్‌టాపుల్లో తలనొప్పి ఇదే. హార్డ్‌బ్లాక్ డివైస్ ఆర్ డ్రైవర్ అంటే లోడైన డ్రైవరే కారణం, యాప్‌లు ఎన్ని తీసినా లాభం లేదు.

లోపాలు లేకపోలేదు. ప్రోగ్రామ్ పేరు చెప్పి, ఫైల్ ఎక్కడుందో చెప్పకుండా వదిలేస్తుంది. అప్పుడు మనమే తవ్వుకోవాలి. సీ డ్రైవ్‌లో డాలర్ గుర్తుతో మొదలయ్యే విండోస్ బీటీ అనే హిడెన్ ఫోల్డర్ ఉంటుంది. అందులో సోర్సెస్, దాని లోపల పాంథర్. అక్కడ పేరు చివర హ్యూమన్‌రీడబుల్ అని ఉన్న ఎక్స్ఎంఎల్ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి బ్లాకింగ్ అప్లికేషన్ అనే మాట వెతకండి. దాని విలువ ట్రూ అని ఉన్న చోటికి దగ్గర్లోనే ఫైల్ పూర్తి పాత్ చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. పేరేమో మనుషులు చదవగలిగేదని, చదవబోతే కళ్ళు బైర్లు కమ్ముతాయి. సెర్చ్ తప్ప మార్గం లేదు.

రెండో లోపం ఇంకా పెద్దది. మైక్రోసాఫ్ట్ సేఫ్‌గార్డ్ హోల్డ్ (తెలిసిన సమస్య ఉందని అప్‌గ్రేడ్‌ని ఆపి ఉంచడం) పెట్టిన మెషీన్‌కి విండోస్ అప్‌డేట్‌లో అప్‌గ్రేడే రాదు. సెటప్ నడవనప్పుడు లాగులు లేవు, లాగులు లేనప్పుడు సెటప్‌డయాగ్‌కి పని లేదు. అప్పుడు విండోస్ 11 ఐఎస్ఓ (ఇన్‌స్టాలేషన్ ఫైల్) దించి, సెటప్‌ని కంపాట్ స్కాన్‌ఓన్లీ ఆప్షన్‌తో నడిపితే ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా పరీక్ష మాత్రం చేస్తుంది. ఫలితం కోడ్ చివర 210 ఉంటే దారి ఖాళీ, 208 ఉంటే అడ్డు ఉంది. హోల్డ్‌ని దాటేసే గ్రూప్ పాలసీ సెట్టింగ్ ఒకటుంది కానీ, బ్లూ స్క్రీన్ వస్తుందని తెలిసే ఆపిన చోట దాన్ని వాడటం నాకు నచ్చదు.

తీసే పనిలో ఒక వరుస ఉంది. ముందు ప్రోగ్రామ్ సొంత అన్‌ఇన్‌స్టాలర్, తర్వాత దాని కంపెనీ ఇచ్చే క్లీనప్ టూల్ (మెకాఫీకి ఎంసీపీఆర్ ఇలాంటిదే), రీస్టార్ట్, ఆ తర్వాతే డ్రైవర్ మిగులు. చాలా అన్‌ఇన్‌స్టాలర్లు సర్వీసును తీసి, డ్రైవర్ ప్యాకేజీని డ్రైవర్ స్టోర్‌లో (విండోస్ డ్రైవర్లు దాచుకునే చోటు) వదిలేస్తాయి. పీఎన్‌పీయుటిల్ అనే విండోస్ కమాండ్ ఇచ్చే లిస్టులో ఓఈఎం అని మొదలై పక్కన నంబరున్న పేరు చూసి, డిలీట్ డ్రైవర్ ఆప్షన్‌తో తీసేయాలి. సిస్టమ్32లో ఉన్న ఎస్‌వైఎస్ (డ్రైవర్) ఫైల్‌ని చేత్తో డిలీట్ చేయడం పని కాదు, ప్రమాదం.

ముఖ్యంగా డిస్క్ ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ ఉన్న మెషీన్లలో. ముందు డ్రైవ్ మొత్తం డీక్రిప్ట్ అవ్వాలి, గంటలు పట్టినా సరే. తర్వాత అన్‌ఇన్‌స్టాల్ చేసి, రీస్టార్ట్ నొక్కకముందే రిజిస్ట్రీలో డిస్క్‌డ్రైవ్, వాల్యూమ్ క్లాస్‌ల కింద అప్పర్ ఫిల్టర్స్ (డిస్క్ పనిలో మధ్యన దూరే డ్రైవర్ల జాబితా) చూడండి. మొదటిదాంట్లో పార్ట్‌ఎంజీఆర్, రెండోదాంట్లో వాల్‌స్నాప్ ఉండి తీరాలి. వాటి పక్కన తీసేసిన సాఫ్ట్‌వేర్ పేరు మిగిలి ఉంటే ఆ ఒక్క లైనే తీయండి. డ్రైవర్ పోయి లైను మిగిలితే విండోస్ బూట్ అయ్యేటప్పుడు లేని డ్రైవర్‌ని వెతుకుతుంది, ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్ అంటూ కూలిపోతుంది.

అడ్డుపడ్డవన్నీ తీసేయాల్సినవి కూడా కావు. 11వ తరం ఇంటెల్ మెషీన్లలో స్మార్ట్ సౌండ్ టెక్నాలజీ డ్రైవర్ 10.29.0.5152 గానీ 10.30.0.5152 గానీ ఉంటే హోల్డ్ పడుతుంది. డివైస్ మేనేజర్‌లో సిస్టమ్ డివైసెస్ కింద చూడొచ్చు. దీనికి మందు అప్‌డేట్: 10.29 అయితే 10.29.00.5714, 10.30 అయితే 10.30.00.5714, లేదా ఆపైవి. ఇక్కడ కొత్తదో కాదో చివరి అంకె చెబుతుంది, 10.30 అన్నంత మాత్రాన అది 10.29 కన్నా కొత్తది కాదు. ల్యాప్‌టాప్ తయారీదారు సపోర్ట్ పేజీ నుంచి తెచ్చుకోవడం మేలు. వేశాక కూడా విండోస్ అప్‌డేట్‌లో అప్‌గ్రేడ్ కనబడడానికి 48 గంటల దాకా పట్టవచ్చు.

డేటా బ్యాకప్‌లో భద్రంగా ఉంటే ఇంత తంటా ఎందుకు, ఫార్మాట్ కొట్టేయమంటారు దుకాణాల వాళ్ళు. సగం మెషీన్లకు అది సరైన సలహానే. ట్యాలీ, అనూ స్క్రిప్ట్ లాంటివి లైసెన్స్‌తో వేసుకున్న డీటీపీ, అకౌంట్స్ మెషీన్లకు మాత్రం ఈ శ్రమ పడటం లాభమే. ఫార్మాట్ తర్వాత కూడా అదే యుటిలిటీ తిరిగొస్తే దాన్ని ఫర్మ్‌వేరే (మదర్‌బోర్డులోని సాఫ్ట్‌వేర్) విండోస్‌కి అందిస్తోందని అనుమానించి, బయాస్‌లో ఆపే ఆప్షన్ ఉందేమో వెతకాలి.

అప్‌గ్రేడ్ మొదలుపెట్టే ముందు బిట్‌లాకర్‌ని (విండోస్ సొంత డిస్క్ ఎన్‌క్రిప్షన్) సస్పెండ్ చేసి, 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. పాత విండోస్‌కి వెనక్కి వెళ్ళే గడువు 10 రోజులే. డిస్మ్ అనే విండోస్ కమాండ్‌లో ఓఎస్ అన్‌ఇన్‌స్టాల్ విండో విలువను 60 చేస్తే 60 రోజులకు పెరుగుతుంది, అయితే ఆ 10 రోజులు దాటకముందే మార్చాలి. ఈలోగా డిస్క్ క్లీనప్‌లో పాత విండోస్ ఫైళ్ళకు టిక్ పెట్టకండి.