మోర్గెన్‌ను ఎకరాల్లోకి మార్చడానికి ఏ లెక్క మేలు?

దక్షిణాఫ్రికాలో కేప్ కాలనీ నాటి భూమి దస్తావేజులు చదివేవారు తరచూ అడిగే ప్రశ్న ఇది. మోర్గెన్ డచ్చివారి పాత భూకొలత, ప్రాంతాన్ని బట్టి దాని విస్తీర్ణం మారుతుంది. మోర్గెన్ అంటే రెండెకరాలని అనుకుంటే సరిపోతుందా? 2.1165తో గుణించాలా? లేక మోర్గెన్‌లో 600వ వంతైన చదరపు రూడ్ల దగ్గర మొదలుపెట్టి లెక్క కట్టాలా? నా మొగ్గు మూడో దారి వైపే. అయితే మొదటి రెండింటికీ వాటి చోటు వాటికి ఉంది.

రెండెకరాల లెక్క నోటికి సులువు. ఆమ్‌స్టర్‌డామ్ మోర్గెన్‌కు అది దాదాపు సరిపోతుంది కూడా, తేడా ఒక సెంటుకు మించదు. చిక్కంతా కేప్‌లో వస్తుంది. అక్కడ 3,000 మోర్గెన్ల పశువుల క్షేత్రాలు మామూలు. వాటిని 6,000 ఎకరాలుగా రాసేయడం చాలా చోట్ల చూస్తాం. అసలు లెక్క 6,350 ఎకరాలకు చేరుతుంది. ఆ 350 ఎకరాలు కాగితం మీద మాయమైనట్టే. మాటల్లో చెప్పుకోవడానికి ఈ లెక్క చాలు, రాతలో మాత్రం వద్దు.

2.1165 కేప్‌కు చెందిన అంకె. దాని వెనుక ఒక చట్టం ఉంది. డచ్ ఈస్టిండియా కంపెనీ కేప్‌కు నెదర్లాండ్స్‌లోని రైన్‌లాండ్ ప్రాంతపు అడుగును తెచ్చింది. కాలక్రమంలో అక్కడ వాడుకలో స్థిరపడిన అడుగు దానికంటే కాస్త పొడవుగా తేలింది. చివరికి 1859లో 1,000 కేప్ అడుగులు 1,033 ఇంగ్లీషు అడుగులకు సమానమని చట్టం చేశారు. పన్నెండు అడుగులు ఒక రూడ్, 600 చదరపు రూడ్లు ఒక మోర్గెన్. ఆ లెక్కన కేప్ మోర్గెన్ 10,244 చదరపు గజాలు, అంటే రెండెకరాల మీద 564 గజాలు. ట్రాన్స్‌వాల్, ఆరెంజ్ ఫ్రీ స్టేట్ దస్తావేజులకూ ఇదే అంకె వాడవచ్చు. నెదర్లాండ్స్‌లోని రైన్‌లాండ్ మోర్గెన్‌కు మాత్రం 2.104 తీసుకోవాలి. పదెకరాల పొలంలో ఈ తేడా లెక్కలోకి రాదు. 3,000 మోర్గెన్ల దగ్గర దాదాపు 37 ఎకరాలు అవుతుంది.

ఇంత కచ్చితమైన అంకె చేతిలో ఉండగా రూడ్ల దాకా ఎందుకు వెళ్లాలి? దస్తావేజులు విస్తీర్ణాన్ని దశాంశాల్లో రాయవు కాబట్టి. ‘12 మోర్గెన్లు, 345 చదరపు రూడ్లు’ అని ఉంటుంది. దాన్ని 12.345గా కంప్యూటర్‌లో ఎక్కించి 2.1165తో గుణిస్తే 26.13 ఎకరాలు వస్తుంది. సరైన దారిలో 12ను 600తో గుణించి 345 కలిపితే 7,545 చదరపు రూడ్లు. కేప్ చదరపు రూడ్ 153.66 ఇంగ్లీషు చదరపు అడుగులు. గుణించి 43,560తో భాగిస్తే 26.615 ఎకరాలు, అంటే 26 ఎకరాల 61న్నర సెంట్లు. అర ఎకరం దగ్గర తేడా వచ్చిన చోట తప్పు కంటికి కనిపించదు, ఎందుకంటే రెండు జవాబులూ నమ్మదగ్గట్టే ఉంటాయి. నా దృష్టిలో పద్ధతిని ఎంచుకోవడానికి అసలు కారణం ఇదే. రూడ్ల నుంచి మొదలుపెడితే ఆ పొరపాటుకు తావే ఉండదు.

ఇంకో లాభం ఊళ్లలోని ఇళ్ల స్థలాల దగ్గర తెలుస్తుంది. అవి చదరపు రూడ్లలో, చదరపు అడుగుల్లో ఉంటాయి. ఆ అడుగులు కేప్ అడుగులు. 50 చదరపు రూడ్ల స్థలాన్ని 144తో గుణించి 7,200 చదరపు అడుగులు అనేస్తే తక్కువ చెప్పినట్టే, ఇంగ్లీషు అడుగుల్లో అది 7,683. ఇంగ్లీషు కొలతల్లోనూ రూడ్ ఉందని మరవవద్దు. అది ఎకరంలో నాలుగో వంతు, 1,210 గజాలు. కేప్ చదరపు రూడ్ 17 గజాలకు కాస్త ఎక్కువ, అంతే. పట్టికలో ఒకదాని బదులు ఇంకొకటి తీసుకుంటే జవాబు డెబ్బై రెట్లు మారిపోతుంది.

హెక్టార్ల మీదుగా వెళ్లేవారు 0.8565తో, తర్వాత 2.471తో గుణిస్తారు. ఫలితం అదే, పని రెండింతలు. ఇంటర్నెట్‌లో దొరికే మార్పిడి పేజీల్లో ఏ ఊరి మోర్గెన్ వాడారో రాసి ఉంటేనే చూడండి.

నెదర్లాండ్స్ కాగితాలకు మాత్రం ముందు తేదీ చూడాలి. అక్కడ 1820 నుంచి మెట్రిక్ కొలతలు పాత పేర్లతోనే అమల్లోకి వచ్చాయి. అప్పటి నుంచి బుండర్ అంటే సరిగ్గా ఒక హెక్టారు, 2.471 ఎకరాలు. చదరపు రూడె అంటే 100 చదరపు మీటర్లు, పాత రైన్‌లాండ్ చదరపు రూడెకు ఏడు రెట్లు. ఆ పేర్లను 1869లో తీసేశారు. 1820కి, 1869కి మధ్య రాసిన పత్రానికి పాత అంకె వాడితే ఏ పద్ధతీ కాపాడదు.

కంపెనీ కాలపు పశువుల క్షేత్రాల సంగతి వేరు. వాటి హద్దు చాలాసార్లు ఇంటి నుంచి ప్రతి దిక్కుకూ అరగంట నడక దూరం. గొలుసు పెట్టి కొలవని అలాంటి భూమికి మూడు దశాంశాల ఎకరాలు రాయడం సరికాదు. నేనైతే ‘3,000 మోర్గెన్లు’ అని మూలంలో ఉన్నదే ఉంచి, పక్కన ‘సుమారు 6,350 ఎకరాలు’ అని రాస్తాను.