కాన్పు కాగానే ఇచ్చే మందు: ఆక్సిటోసిన్, కార్బెటోసిన్, మిసోప్రోస్టోల్‌లలో ఏది మేలు?

బిడ్డ పుట్టిన నిమిషంలోపు తల్లి తొడకు ఒక ఇంజెక్షన్ పడాలి. ఆస్పత్రిలో పురుడు పోసుకున్న చాలామందికి అది గుర్తు కూడా ఉండదు. బిడ్డ ఏడుపు వింటున్న ఆ క్షణంలో సూది నొప్పి ఎవరికి పడుతుంది? కానీ తల్లి ప్రాణానికి కాపు కాసేది ఆ చిన్న సూదే.

నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం ప్రవహిస్తూ ఉంటుంది. మాయ ఊడిపోగానే అది అతుక్కుని ఉన్న చోట రక్తనాళాల మూతులన్నీ తెరుచుకుని ఉంటాయి. వాటిని నొక్కిపట్టి మూయవలసింది గర్భసంచి కండరమే. అది బిగుసుకుంటే రక్తం ఆగుతుంది. మెత్తగా, వదులుగా ఉండిపోతే ఆగదు. కాన్పు తరువాత అర లీటరు లేదా అంతకు మించి రక్తం పోతే దాన్ని ప్రసవానంతర రక్తస్రావం అంటారు. ప్రపంచంలో కాన్పు సమయంలో తల్లుల మరణాలకు అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. 2018-20 లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు ఆంధ్రప్రదేశ్‌లో 45 మంది, తెలంగాణలో 43 మంది తల్లులు చనిపోయారు. దేశ సగటు 97తో పోలిస్తే మనం మెరుగే. కానీ మన గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. ఒంట్లో రక్తమే తక్కువగా ఉన్న తల్లికి అర లీటరు కూడా పెద్ద నష్టమే.

గర్భసంచిని బిగించే మందుల్లో ప్రధానమైనవి మూడు. ఆక్సిటోసిన్ పాతది, ఇంజెక్షన్. కార్బెటోసిన్ కొత్తది, అదీ ఇంజెక్షనే. మిసోప్రోస్టోల్ మాత్ర. మూడూ ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసినవే. "ఏది మేలు?" అంటే వైద్య పుస్తకం ఒక జవాబు చెబుతుంది, కాన్పు జరిగే గది ఇంకో జవాబు చెబుతుంది. ఏళ్లుగా ఈ పరిశోధనలు చదువుతూ వస్తున్న నేను రెండో జవాబు వైపే మొగ్గుతాను.

ముందు ఆక్సిటోసిన్. ఇది మన శరీరంలోనే తయారయ్యే హార్మోను. దీన్ని ప్రయోగశాలలో తయారు చేసి చూపించిన విన్సెంట్ డు విగ్నోకు 1955లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. కాన్పు కాగానే 10 యూనిట్లు ఇస్తారు. నిమిషాల్లో పని మొదలుపెడుతుంది, దుష్ప్రభావాలు తక్కువ, ధర తక్కువ. రక్తస్రావం రాకుండా ఆపడానికీ, వచ్చాక చికిత్సకూ, నొప్పులు రప్పించడానికీ ఒకే మందు సరిపోతుంది. ఇంత పనికొచ్చే మందు ప్రసూతి వైద్యంలో మరొకటి లేదు.

దీని బలహీనత వేడి. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. బయట పెట్టేకొద్దీ సత్తువ తగ్గుతుంది. చిక్కేమిటంటే, చెడిపోయిన ఆక్సిటోసిన్ చూడటానికి మంచిదానిలాగే ఉంటుంది. రంగు మారదు, అడుగున మడ్డి చేరదు. ఇచ్చిన నర్సుకు ఇచ్చానన్న నమ్మకం ఉంటుంది, తల్లికి మాత్రం అందవలసింది అందదు. మా ఇంటి అమ్మాయి కాన్పుకు తోడుగా ఒక చిన్న ఆస్పత్రికి వెళ్లినప్పుడు నేను చూసింది ఇదే. మే నెల, కరెంటు వచ్చిపోతూ ఉంది, ఆక్సిటోసిన్ ఆంప్యూళ్లు (మందు నింపిన చిన్న గాజు సీసాలు) పొద్దుటి నుంచి ట్రేలోనే ఉన్నాయి. ఫ్రిజ్ ఉంది, కానీ అది మరో గదిలో, తాళం వేసి. కాన్పు వచ్చినప్పుడు పరిగెత్తే వీలు లేక ముందే తీసి పెట్టుకున్నామని అక్కడి సిస్టరమ్మ చెప్పింది. ఆమెను తప్పు పట్టలేకపోయాను. ఆ అమ్మాయి క్షేమంగానే ఇంటికి వచ్చింది. కానీ ఆ ట్రే మాత్రం నా మనసులో నిలిచిపోయింది.

ఈ మందుకు మన దేశంలో ఇంకో ఇబ్బంది కూడా వచ్చింది. గేదెలు చేపడానికి పాడి వ్యాపారంలో దీన్ని దుర్వినియోగం చేస్తున్నారని 2018 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రైవేటు కంపెనీలు దేశీయ అవసరాలకు ఆక్సిటోసిన్ తయారు చేయకుండా నిషేధం తెచ్చింది. ఒకే ఒక్క ప్రభుత్వరంగ సంస్థ మీద దేశంలోని కాన్పులన్నీ ఆధారపడే పరిస్థితి ఏర్పడబోయింది. ఆ ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. పశువుల కొట్టంలో జరిగే తప్పుకు ప్రసూతి గదిలో శిక్ష వేయడం సరికాదని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను.

కార్బెటోసిన్ కథ ఈ వేడి దగ్గరే మొదలవుతుంది. ఇది ఆక్సిటోసిన్‌ను కొద్దిగా మార్చి తయారు చేసిన మందు. అంతకంటే ఎక్కువసేపు పనిచేస్తుంది. వేడికి తట్టుకునేలా చేసిన రకం 30 డిగ్రీల దగ్గర, గాలిలో తేమ ఎక్కువగా ఉన్నా, కనీసం మూడేళ్లు నిలుస్తుంది. 2018లో వెలువడిన పెద్ద అధ్యయనంలో భారత్ సహా 10 దేశాల్లో 29,645 మంది తల్లుల మీద ఈ రెండింటినీ పోల్చి చూశారు. అర లీటరు దాటి రక్తం పోవడం లేదా అదనపు మందు అవసరం కావడం కార్బెటోసిన్ తీసుకున్నవారిలో 14.5 శాతం, ఆక్సిటోసిన్ తీసుకున్నవారిలో 14.4 శాతం. లీటరు దాటినవారు 1.51, 1.45 శాతం. మొదటి లెక్కలో రెండూ సమానమని తేలింది. రెండో లెక్కలో తేడా చిన్నదే అయినా, అలాంటి కేసులు తక్కువ కావడంతో సమానమని గట్టిగా నిరూపించలేకపోయారు.

ఈ అంకెలు చూసి "తేడా ఏమీ లేదు కదా, కొత్తది ఎందుకు?" అనేవాళ్లున్నారు. వాళ్లు ఒక్క విషయం గమనించాలి. ఎవరికి ఏ మందు ఇస్తున్నారో తెలియకుండా ఉండేందుకు ఆ అధ్యయనంలో రెండు మందులనూ చల్లగానే దాచారు. అంటే ఏ లోపమూ లేకుండా దాచిన ఆక్సిటోసిన్‌తో కార్బెటోసిన్ సమానంగా నిలిచింది. మధ్యాహ్నం దాకా ట్రేలో మగ్గిన ఆక్సిటోసిన్‌తో పోలిక అసలు జరగలేదు. నిజామాబాద్ ఎండలో, రెంటచింతల ఎండలో జరిగే పోలిక అదే. అందుకే ఫ్రిజ్ మీద నమ్మకం లేని కేంద్రంలో నా ఓటు కార్బెటోసిన్‌కే. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. అయితే 44 డిగ్రీల గదిలో కిటికీ పక్కన పడేయవచ్చని మాత్రం ఎవరూ అనుకోకూడదు. తట్టుకోవడానికీ ఒక హద్దు ఉంది.

దీనికి ఇంకో పెద్ద హద్దు ఉంది. బిడ్డ బయటికి రాకముందు కార్బెటోసిన్ ఇవ్వకూడదు. నొప్పులు రప్పించడానికి పనికిరాదు. ఒకసారి ఇస్తే పట్టు చాలాసేపు వదలదు కాబట్టి లోపల ఉన్న బిడ్డకు ప్రమాదం. రెండు ఆంప్యూళ్లూ ఒకే గదిలో ఉంటే తారుమారయ్యే భయం ఉంది. ధర కూడా ఆక్సిటోసిన్‌తో పోటీ పడితేనే ప్రభుత్వ కేంద్రాలకు దిగుతుంది. ఫ్రిజ్, కరెంటు, లెక్కల పుస్తకం అన్నీ సరిగా నడిచే జిల్లా ఆస్పత్రిలో ఆక్సిటోసిన్‌ను పక్కన పెట్టవలసిన అవసరం నాకు కనిపించడం లేదు.

గర్భసంచిని బిగించే మరో మందు మిథైల్ ఎర్గోమెట్రిన్ గురించి ఒక్క మాట. మన దగ్గర చాలాచోట్ల వాడుతున్నారు, గట్టిగా పనిచేస్తుంది. కానీ బీపీ ఉన్న తల్లికి ఇవ్వకూడదు. దానికీ చల్లదనం కావాలి. గర్భంతో బీపీ పెరగడం ఇంత మామూలైన చోట అది మొదటి ఎంపిక కాలేదు.

ఇక మాత్ర. మిసోప్రోస్టోల్ నిజానికి కడుపులో పుండ్లకు వచ్చిన మందు. ఆస్పత్రిలో ఆక్సిటోసిన్‌తో పోల్చితే ఓడిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 18 వేల మందికి పైగా తల్లులతో నడిపి 2001లో వెలువరించిన అధ్యయనంలో లీటరు, అంతకు మించి రక్తం పోయినవారు మాత్ర తీసుకున్నవారిలో 4 శాతం, ఆక్సిటోసిన్ తీసుకున్నవారిలో 3 శాతం. పైగా చలి, వణుకు, జ్వరం. కాబట్టి మంచి ఆక్సిటోసిన్ చేతిలో ఉండగా మాత్ర ఇవ్వడం తల్లికి అన్యాయం.

కానీ ఇంజెక్షన్ చేసే చెయ్యే లేని చోట? ఆ ప్రశ్నకు జవాబు మన పక్క రాష్ట్రంలోనే దొరికింది. 2002 నుంచి 2005 వరకు కర్ణాటకలోని బెళగావి జిల్లా పల్లెల్లో 1,620 మంది తల్లులకు ఏఎన్‌ఎంలు కాన్పు కాగానే 600 మైక్రోగ్రాముల మిసోప్రోస్టోల్‌ను గానీ, మందు లేని ఉత్తుత్తి మాత్రను గానీ ఇచ్చారు. రక్తస్రావం 12 శాతం నుంచి 6.4 శాతానికి పడిపోయింది. లీటరు దాటిన తీవ్ర రక్తస్రావం 1.2 నుంచి 0.2 శాతానికి తగ్గింది. ఉత్తుత్తి మాత్ర అందిన తల్లుల సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు మనసు కలుక్కుమంటుంది. కానీ ఆ రోజుల్లో అక్కడి ఇళ్ల కాన్పుల్లో వాళ్లకు అసలు ఏ మందూ అందేది కాదన్నదీ నిజమే.

ఆ అధ్యయనం ఇంకొకటి కూడా ఇచ్చింది. కారిన రక్తాన్ని కొలవడానికి తల్లి నడుము కింద పరిచే ప్లాస్టిక్ షీటు, దానికి గీతలు గీసిన సంచి. కంటితో అంచనా వేస్తే ఎప్పుడూ తక్కువే చెబుతామని ప్రసూతి గదిలో పనిచేసేవాళ్లందరికీ తెలుసు. 2023లో కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆస్పత్రుల్లో సగం చోట్ల ఇలాంటి గీతల సంచితో కొలిచి, గీత దాటగానే చికిత్సలన్నీ ఒకదాని కోసం ఒకటి ఆగకుండా మొదలుపెట్టారు: పొత్తికడుపు మర్దన, ఆక్సిటోసిన్, రక్తం గడ్డ కరిగిపోకుండా ఆపే ట్రానెక్సామిక్ ఆమ్లం, సెలైన్, పరీక్ష. లీటరు దాటి రక్తం పోవడం, రక్తస్రావానికి ఆపరేషన్, రక్తస్రావంతో మరణం, ఈ మూడూ కలిపి మామూలు పద్ధతి నడిచిన ఆస్పత్రుల్లో 4.3 శాతం ఉంటే, ఇక్కడ 1.6 శాతమే. ఏ మందు మేలో తేల్చుకునే లోపు ప్రతి ప్రసూతి గదికీ ఈ సంచి చేరాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ట్రానెక్సామిక్ ఆమ్లం కూడా రక్తస్రావం అవుతున్న తల్లికి కాన్పు అయిన మూడు గంటల లోపు ఇస్తేనే ప్రాణం కాపాడుతుంది. ముందుగానే ఇస్తే రక్తస్రావం రాకుండా ఆపుతుందేమోనని రక్తహీనత ఉన్న 15 వేల మంది తల్లులలో చూశారు. ఆపలేదు. అంటే పై మూడింటికి అది ప్రత్యామ్నాయం కాదు.

మన రెండు రాష్ట్రాల్లో 96 శాతానికి పైగా కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. మిగిలినవాటిలో అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో డోలీ కట్టి మోసుకొస్తుండగా దారిలోనే అయిపోయే కాన్పులున్నాయి. ఆ దారిలో ఐస్ బాక్సు ఉండదు, సూది వేసే మనిషీ ఉండకపోవచ్చు. అక్కడ మూడు మాత్రల పొట్లం ఆశా కార్యకర్త సంచిలో ఉండాలి. పరిశోధనశాలలో మూడో స్థానంలో ఉన్న మందు ఆ కొండదారిలో మొదటిది అవుతుంది. అయితే ఆ మాత్రలు బిడ్డ బయటపడ్డాక, పొట్ట తడిమి లోపల రెండో బిడ్డ లేదని చూసుకున్నాకే మింగించాలి. ముందే మింగితే గర్భసంచి చిట్లిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి పొట్లం చేతికిచ్చే రోజునే ఆశా కార్యకర్త చేత పొట్ట తడిమించి చూపించాలి, ఆమెకు నమ్మకం కుదిరే దాకా మళ్లీ మళ్లీ చేయించాలి.